మొరం బాకీ

సిరోంచ దిక్కు పోయేటోళ్లకు మా మొర్రిగూడెం
ఊరు గాదు, పంచరైన జాగ.
"యాడ ఆగింది బండి?" అంటే
"గోమాస ఓదెలు డబ్బా కాడ" అంటరు.
ఓదెలును నేనే.

ఇరవై రెండేండ్లు మొరం నాకు బువ్వ పెట్టింది.
వానకు మన్ను కొట్టుకపోయి
రోడ్డు పండ్లిగిలిచ్చినప్పుడల్లా
మా ఇంట్ల పొయ్యి మండేది.
తునికాకు కల్లాలు నడిచే ఎండల్ల
రోజుకు పది ట్యూబులు.
లాల్ డబ్బా బస్సు గూడ ఒకపారి
నా ముందర మోకాళ్ల మీద కూసున్నది.
కండక్టరు మరాఠిల తిట్టిండు,
నేను తెలుగుల నవ్విన.
కాయితాలన్ని ఆ బాస, కైకిలంత ఈ బాస.
ట్యూబుకు ఏ బాసా రాదు.
తొట్టిల ముంచితే
సిల్లు యాడున్నదో అదే జెప్తది,
బుడగ బుడగ.

దాసుడెందుకు, ఇదొకటి గూడ జెప్త.
గిరాకి లేని వారం
మలుపు కాడ కంకర నేనే కెలికిన,
మొనలు మీదికి పెట్టి.
రెండు సార్లు. మూడేమో.

ఆ ఏడు మఖ కార్తె ముసురు.
నడిజామున లచ్చుబాయికి నొప్పులు లేసినయి.
సడ్వలి జీపు. దవాఖాన ముప్పై ఒక్క కిలోమీటర్లు.
మొదటి పంచరు వాగు దాటంగనే.
రెండోది మలుపు కాడ.
స్టెప్నీ అప్పటికే ఐపోయింది.

టార్చిలైటు పండ్ల నడుమ పట్టుకొని
నేనే ఇప్పిన, నేనే గీకిన, నేనే సొల్యూషన్ రాసిన.
ముసురుకు అది ఆరదు.
ఊదిన. ఊదుకుంట కూసున్న.
ఎనుక సీట్ల ఆమె నన్ను పిలుస్తలేదు,
సచ్చిపోయిన అమ్మను పిలుస్తున్నది.
టైరుల నుంచి గుంజిన రాయిని
జేబుల ఏసుకున్న.
అది నాకు తెల్సిన రాయి.

పిల్లగాడు ఆ మలుపు కాన్నే పుట్టిండు.
మనిషి ట్యూబు గాదు గద, నీళ్లల్ల ముంచి చూసుడానికి.
చెవి పెట్టి విన్న.
ఈ చెవి, మళ్ల ఆ చెవి.

మొన్నటేడు నాగ్‌పూర్ నుంచి వానఖడే సాబు వొచ్చిండు.
మూడు కాళ్ల దుర్భిణి పెట్టి
ఒంటి కన్నుతోటి ఊరిని కొలిచిండు.
నా డబ్బా రేకు మీద ఎర్రరంగు గీత గీసి
"హైవే వస్తది కాకా, ఎనుకకు జరుపుకో" అన్నడు.
మంచోడే, మా చాయ తాగిండు.
"ఆ మలుపును కోసేస్తున్నం, రోడ్డు సీదా పోతది."
"ఎన్నటికి?" అనడిగిన.
నష్టపరిహారం అడుగుతున్ననుకున్నడేమో,
సంచిల నుంచి ఫారం తీసిండు.

డాంబరు పోసేనాడు రాయిని తీసుకొని పోయిన,
రోలరు ముందట ఏద్దామని.
ఛత్తీస్‌గఢ్ పోరగాడు "హటో చాచా" అని అరిసిండు.
హటిన.
రాయి మళ్ల నాతోటే ఇంటికొచ్చింది.

ఇప్పుడు మలుపు, తెగిన బల్లి తోక లెక్క
పక్కన పడున్నది.
తంగేడు మొలిసింది. మ్యాకలు పండుకుంటయి.
బండ్లు సర్రున పోతయి,
యాడికి పోతున్నయో దుమ్ము గూడ జెప్పదు.
పోచక్క బిడ్డకు నొప్పులొస్తే
ఇరవై ఏడు నిమిషాలల్ల దవాఖానకు చేరింది.
ఓదెలు గడియారం పట్టుకొని రోడ్డు మీద నిలవడ్డడని
ఊరంత నవ్విండ్రు.
లచ్చుబాయి నవ్వలే.
తొట్టి కడిగి మ్యాకలకు నీళ్లు పోసింది.

నిన్న మాపటీలి సైకిలు నూకుకుంట
బడి పిల్లగాడొకడు వొచ్చిండు, ముల్లు గుచ్చుకున్నదని.
చాన్నాళ్లకు తొట్టిల చెయ్యి పెట్టిన.
ట్యూబును మెల్లగ తిప్పిన.
బుడగ లేసింది.
"ఇగో, ఉన్నది" అన్న.
"ఏందే కాకా?" అన్నడు.
"గాలి" అన్న.
పైసలు తీసుకోలే.